ఆదిలాబాద్ చలికి రాజమండ్రి పిల్లి: సలహాలు కావాలి

గోదారి_అమ్మాయి | డిసెంబర్ 9, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాయలేదు. ఇప్పుడు అవసరం పడింది.

మాది రాజమండ్రి. ఆగస్టులో బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద ఆదిలాబాద్ వచ్చాం. మాతోపాటు మా జున్ను కూడా. ఆరేళ్ళ ఆడపిల్లి, తెలుపు మీద గోధుమ మచ్చలు, ఆపరేషన్ అయింది. పుట్టి బుద్ధెరిగాక దానికి తెలిసిన చలికాలమంటే తెల్లవారుజామున కాసేపు నా దుప్పట్లో దూరడమే. ఇక్కడేమో రోజూ పేపర్లో సింగిల్ డిజిట్ అని చదువుతున్నాం. మాది పై అంతస్తు, పాత కిటికీలు, బండల నేల. రాత్రి లేచి కాలు కింద పెడితే జివ్వుమంటోంది.

మూడు రోజులుగా జున్ను తిండి సగమే తింటోంది. నీళ్ళ గిన్నె వైపు పోవడమే లేదు. రోజంతా సెట్‌టాప్ బాక్స్ మీద కూర్చుంటోంది, సగం ఒళ్ళు కిందికి వేలాడుతున్నా సరే.

స్వెట్టర్ కొననా? రూమ్ హీటర్ రాత్రంతా వేసి ఉంచొచ్చా? మా అత్తయ్యగారైతే "పిల్లికి చలేమిటే, దాని ఒంటి మీద ఉన్నదేమిటి మరి" అని ఒకటే నవ్వు.

కూకట్‌పల్లి_కుర్రాడు | డిసెంబర్ 9, రాత్రి 10:31

ముందు ఫోటో పెట్టండి అక్కా. ఫోటో లేకుండా సలహా ఇవ్వకూడదని ఇక్కడ రూలు.

గోదారి_అమ్మాయి | డిసెంబర్ 9, రాత్రి 10:38

పెట్టాను. సెట్‌టాప్ బాక్స్ మీద బొబ్బట్టులా పరుచుకుని ఉన్నది అదే.

పెద్దపల్లి_తాత | డిసెంబర్ 10, ఉదయం 6:05

అమ్మా, మీ అత్తగారి మాటే నాదీ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్ల పిల్లులున్నాయి. ఒక్కదానికీ స్వెట్టర్ కుట్టించిన పాపాన పోలేదు. చలికి చచ్చిన పిల్లిని నేనైతే చూడలేదు. ఊరికే టెన్షన్ పడకండి.

బూడిదపిల్లి | డిసెంబర్ 10, ఉదయం 7:40

తాతగారూ, చలికి పోయిన పిల్లి మన కంట పడదండీ. ఒంట్లో బాగోకపోతే ఏ మూలో నక్కుతుంది. నాలుగు రోజులు కనపడకపోతే "ఎటో వెళ్ళిపోయింది" అనుకుంటాం, అంతే.

పశువైద్యం_09 | డిసెంబర్ 10, ఉదయం 8:15

ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. పిల్లి ఒంటి వేడి మామూలుగానే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. మనకైతే అది జ్వరం కింద లెక్క. ఆ వేడిని కష్టపడకుండా నిలుపుకోవాలంటే దాని చుట్టూ 30 డిగ్రీల సెల్సియస్, ఆ పైన ఉండాలి. మే నెలలో మనం ఏసీ వేసుకుని కూర్చుంటే అది వెళ్ళి ఎండలో దొర్లేది అందుకే. మీ గదిలో ఇప్పుడు 15 ఉందనుకోండి, ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లికి ప్రాణం మీదికేమీ రాదు. కాకపోతే ఒంటి వేడికి తిండి ఎక్కువ ఖర్చవుతుంది, కాబట్టి మామూలుకన్నా కాస్త ఎక్కువే తినాలి. జున్ను తక్కువ తింటోంది. నాకు అదీ అనుమానం.

ఏం పెడుతున్నారు? ఎలా పెడుతున్నారు?

స్వెట్టర్ మాత్రం వద్దు. మెలకువగా ఉన్నంతలో పిల్లికి చాలాసేపు పని ఒళ్ళు నాక్కోవడమే. దానికి అడ్డు, పైగా ముందు కాలు మెడ పట్టీలో ఇరుక్కుని గిలగిల్లాడిన కేసులు చూశాను.

గోదారి_అమ్మాయి | డిసెంబర్ 10, ఉదయం 9:02

చికెన్ ఉడకబెట్టి రెండు రోజులకి సరిపడా ఫ్రిజ్‌లో పెడతానండీ. ఆఫీసుకి పోయే హడావుడిలో తీసి అలాగే గిన్నెలో వేసేస్తాను. రాజమండ్రిలో ఇలాగే తినేది.

పశువైద్యం_09 | డిసెంబర్ 10, ఉదయం 9:10

రాజమండ్రిలో పది నిమిషాల్లో అదే వెచ్చబడుతుంది. అక్కడ బండ మీద ఇంకా చల్లబడుతుంది. వాసన రాని తిండిని పిల్లి తిండిగా లెక్కేయదు, చల్లటి కూరకి వాసన రాదు. రెండు చెంచాల వేడినీళ్ళు పోసి, చేతికి గోరువెచ్చగా తగిలేలా చేసి పెట్టండి. తిండితోపాటు నీళ్ళూ లోపలికి పోతాయి. నీళ్ళ గిన్నె స్టీలుదైతే మార్చి పింగాణీది పెట్టండి, రోజుకి రెండు మూడుసార్లు గోరువెచ్చని నీళ్ళు మార్చండి.

ఇలా చేశాక కూడా తినకపోతే రేపటికల్లా డాక్టరుకి చూపించండి. పిల్లి రెండు మూడు రోజులు బొత్తిగా తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది, ఒళ్ళున్న పిల్లికి మరీ ప్రమాదం. "ఆకలేస్తే అదే తింటుందిలే" అన్న మాట పిల్లి విషయంలో పనికిరాదు.

గోదారి_అమ్మాయి | డిసెంబర్ 10, రాత్రి 9:25

తినేసింది! గిన్నె నాకి, ఇంకా ఏదీ అన్నట్టు నా మొహంలోకి చూసింది. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కరీంనగర్_గులాబ్_వాళ్ళమ్మ | డిసెంబర్ 10, రాత్రి 10:50

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పోయిన జనవరిలో మా గులాబ్ (మగపిల్లి, ఒట్టి డ్రై ఫుడ్ మీదే పెంచాం) ఇసుక డబ్బాలోకి పదే పదే వెళ్ళడం, ముక్కడం, బయటికి రావడం. మలబద్ధకం అనుకున్నాం. పక్కింటావిడ ఆముదం పట్టమంటే పట్టేశాను కూడా. మర్నాటికి వాంతులు, పొత్తికడుపు బంతిలా గట్టిగా. తీరా చూస్తే మూత్రం దారి మూసుకుపోయింది. గొట్టం వేసి తీశారు. ఒక్క పూట ఆలస్యమైతే దక్కేది కాదన్నారు.

చలికాలం నీళ్ళు తక్కువ తాగడం, బద్ధకంగా పడుకోవడం, రెండూ కలిసి ఇంత పని చేశాయట. మగపిల్లులున్న వాళ్ళు దయచేసి డబ్బాలో ఇసుక మూత్రానికి తడిసి ఉండలు కడుతోందో లేదో రోజూ చూడండి.

పశువైద్యం_09 | డిసెంబర్ 10, రాత్రి 11:05

అవునమ్మా. మగపిల్లి ముక్కుతూ ఉండి చుక్క రాకపోతే అది తెల్లారేదాకా ఆగే విషయం కాదు. ఆ రాత్రే పరుగెత్తాలి.

మన్యం_మాస్టారు | డిసెంబర్ 11, ఉదయం 5:50

చింతపల్లి నుంచి రాస్తున్నాను. లంబసింగి మాకు పక్కనే. ఈ రోజుల్లో అక్కడికి మంచు చూడ్డానికి జనం కార్లలో వస్తారు, ఫోటోలు దిగుతారు, తొమ్మిదింటికల్లా వెళ్ళిపోతారు. మేమూ మా పిల్లులూ మిగిలిన ఇరవై గంటలూ ఇక్కడే ఉంటాం.

మా వైపు చాలా ఇళ్ళల్లో ఇంకా కట్టెల పొయ్యే. రాత్రి వంటయ్యాక నిప్పులు ఆర్పి బూడిద కప్పుతారు. ఓ గంటకి పిల్లి అందులో దిగుతుంది. తెల్లారి లేపితే ముక్కు దగ్గర్నుంచి తోకదాకా బూడిదే. దాని రంగేమిటో మధ్యాహ్నానికి గాని తెలియదు. అయితే మా ఊరి పిల్లుల్లో సగానికి మీసాలు కాలి వంకర తిరిగి ఉంటాయి. వీపు మీద చిన్న కాలిన మచ్చ. బూడిద కింద నిప్పు కణిక మిగిలిందని దానికేం తెలుసు? "కాలుగాలిన పిల్లి" అంటారు చూడండి, మా ఇంట్లో అది సామెత కాదు, వారానికో సంఘటన.

పెద్దపల్లి_తాత | డిసెంబర్ 11, ఉదయం 6:20

మాస్టారూ, మంచి మాట గుర్తు చేశారు. "పొయ్యిలో పిల్లి లేవలేదు" అనేవాళ్ళు మా అమ్మావాళ్ళు, ఆ పూట ఇంట్ల పొయ్యి వెలగలేదని, తిండికి లేదని. పిల్లి లేస్తేనే పొయ్యి ముట్టించేది. మా అమ్మ చీకటితోనే లేచి, పిల్లిని లేపి, పొయ్యి అలికి, ముగ్గేసి అప్పుడు ముట్టించేది.

నిన్న నేను రాసింది చదువుకుంటే నాకే అనిపించింది. మా పిల్లులకి స్వెట్టర్ లేదు నిజమే, పొయ్యి ఉంది. ఇప్పుడు నా ఇంట్ల గ్యాసు బండ ఉంది. దాని పక్కన పండుకుంటే ఏం వస్తది?

బూడిదపిల్లి | డిసెంబర్ 11, ఉదయం 8:00

అందుకే సెట్‌టాప్ బాక్సులూ, వైఫై రూటర్లూ, ఫ్రిజ్ పైభాగాలూ. పొయ్యి లేని ఇంట్లో వెచ్చగా ఉన్నవి అవే మరి.

కూకట్‌పల్లి_కుర్రాడు | డిసెంబర్ 11, ఉదయం 9:30

ఇంకోటి మర్చిపోయారు: కారు బానెట్.

ఇది జోకు కాదు. పోయిన డిసెంబర్‌లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పొద్దున ఏడింటికి కారు స్టార్ట్ చేశాను. ఒక అరుపు. అంతే. ఇంజన్ ఆపి బానెట్ ఎత్తేసరికి నాలుగు నెలల పిల్ల, బెల్టులో కాలు. ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. పిల్ల బతికింది, ఇప్పుడు మా ఇంట్లోనే మూడు కాళ్ళతో కర్టెన్లు ఎక్కుతోంది. కానీ ఆ అరుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

అప్పట్నుంచి బండి తీసేముందు బానెట్ మీద రెండు చరుపులు, టైర్ల పైన ఓ చూపు, పది సెకన్లు ఆగడం. ఒట్టి హారన్ వేస్తే లాభం లేదు, భయపడి ఇంకా లోపలికి దూరతాయి. లిఫ్టులో కాగితం కూడా అంటించాను. మొదట్లో నవ్వారు, ఇప్పుడు వాచ్‌మన్ అందరి బానెట్లూ తనే కొడుతున్నాడు.

పశువైద్యం_09 | డిసెంబర్ 11, మధ్యాహ్నం 1:15

సెల్లార్ మాట వచ్చింది కాబట్టి, కార్ల కింద కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) కారుతుంటే వెంటనే తుడిపించండి. చాలావాటిలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. పాదాలకి అంటినది నాక్కున్నా లోపలికి పోతుంది, ఒక టీస్పూను పిల్లి కిడ్నీలని పాడు చేయడానికి చాలు. మొదట తాగినట్టు తూలుతుంది, తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపిస్తుంది. మనం హమ్మయ్య అనుకుంటాం, ఆ లోపల కిడ్నీలు పోతుంటాయి. మొదటి మూడు గంటల్లో వైద్యం అందితేనే ఆశ.

డాలస్_పద్మ | డిసెంబర్ 12, ఉదయం 7:10

మా ఇంటి గ్యారేజీలో కూలెంట్ డబ్బా ఎప్పుడూ ఎత్తైన అరలోనే ఉంటుంది, ఇందుకే.

2021 ఫిబ్రవరి సంగతి చెప్పనా? టెక్సస్ అంతా గడ్డకట్టింది గుర్తుందా. డాలస్‌లో 16వ తేదీ పొద్దున మైనస్ 19 సెల్సియస్. లక్షల ఇళ్ళకి కరెంటు లేదు, మాకూ లేదు. ఇక్కడి ఇళ్ళు ఎండకి కట్టినవి, ఈ చలికి కాదు. సాయంత్రానికి ఇంట్లోనే నోటి నుంచి పొగలు. మేం నలుగురం, రెండు పిల్లులు.

బాత్‌రూమ్ పక్కన కిటికీల్లేని చిన్న బట్టల గది ఉంది. నేల మీద అట్టపెట్టెలు పరిచి, వాటి మీద బొంతలు, పైన పిల్లల ఆటల టెంటు వేసి అందరం అందులోకి దూరాం. తలుపు కింద తువ్వాళ్ళు కుక్కాం. మనుషుల ఒంటి వేడికే గది నిలిచింది. మా పెద్ద పిల్లి మనిషి ఒళ్ళో కూర్చునే రకం కాదు, పదేళ్ళలో ఏనాడూ కూర్చోలేదు. ఆ రాత్రి మా అబ్బాయి జాకెట్ జిప్పులోంచి తల మాత్రం బయట పెట్టి పడుకుంది. కరెంటు వచ్చిన గంటకి మళ్ళీ మేమెవరో తెలియనట్టు నడిచింది.

ఆ వారంలో బొగ్గుల గ్రిల్లు ఇంట్లో పెట్టుకునీ, గ్యారేజీలో కారు ఆన్ చేసి అందులో కూర్చునీ కార్బన్ మోనాక్సైడ్ వల్ల చనిపోయిన వాళ్ళున్నారు. గోదారి అమ్మాయీ, అక్కడ ఎవరైనా కుంపటి పెట్టమంటే తలుపులు మూసి మాత్రం పెట్టకండి. మీకూ ప్రమాదమే, నేల మీద పడుకున్న పిల్లికీ ప్రమాదమే.

గోదారి_అమ్మాయి | డిసెంబర్ 12, రాత్రి 9:45

అక్కా, మీరు రాసిన రోజే మా ఇంటి ఓనరుగారు ప్రేమగా కుంపటి తెచ్చిచ్చారు! వరండాలో పెట్టాను, చేతులు కాచుకోడానికి.

హీటర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఎర్రగా మండే రాడ్‌లది ఉంది మా దగ్గర.

బూడిదపిల్లి | డిసెంబర్ 12, రాత్రి 10:15

రాత్రంతా వద్దు. మనం మెలకువగా ఉన్నప్పుడే, మూడడుగుల లోపల పరుపూ కర్టెనూ పిల్లీ లేకుండా. నా పిల్లి తోక చివర పొగొచ్చింది ఒకసారి. దానికి తెలియలేదు, నాకు వాసనొచ్చింది. కొనేదైతే ఆయిల్ హీటర్ మేలు, నిప్పు బయటికి కనపడదు, తన్ని పడేయలేదు.

అసలు గది మొత్తం వేడి చేయక్కర్లేదండీ. పిల్లి పట్టేంత చోటు వేడి చేస్తే చాలు. చిన్న అట్టపెట్టె, నేల మీద కాకుండా ఎత్తులో, బీరువా మీదో కుర్చీ మీదో. లోపల గోనెసంచి, దాని మీద మీరు కట్టి విడిచిన పాత కాటన్ చీర, ఉతక్కుండానే, మీ వాసన ఉండాలి. పెట్టె పెద్దదైతే వేడి నిలవదు. పిల్లి లోపల తిరిగి ముడుచుకునేంత ఉంటే చాలు.

మియావ్_మావయ్య | డిసెంబర్ 12, రాత్రి 11:00

దాంట్లోకి బియ్యం మూట. పాత సాక్సులో నాలుగు గుప్పెళ్ళ బియ్యం పోసి ముడేసి మైక్రోవేవ్‌లో ఒక నిమిషం. మణికట్టు మీద పెట్టి చూసుకుని చీర మడత కింద పెట్టండి. గంట పైనే వెచ్చగా ఉంటుంది. వేడినీళ్ళ బాటిలైతే రెండు మడతల తువ్వాలు చుట్టాలి, మూత రెండుసార్లు చూసుకోవాలి. చల్లారిన బాటిల్ తీసేయడం మర్చిపోవద్దు, అది ఎదురు వేడి లాగేస్తుంది. పెట్టెలో సగమే వేడి ఉంచండి, వద్దనుకుంటే పక్కకి జరిగే చోటుండాలి.

గోదారి_అమ్మాయి | డిసెంబర్ 14, ఉదయం 8:30

ప్రెషర్ కుక్కర్ వచ్చిన అట్టపెట్టె సరిగ్గా సరిపోయింది. మొదటి రోజు దాని వైపు చూడనైనా చూడలేదు. రెండో రోజు నేను చూడట్లేదనుకుని దూరింది.

అత్తయ్యగారు ట్రంకు పెట్టెలోంచి రగ్గు తీసి "ఇది వెయ్యి దానికి" అన్నారు! కాకపోతే కలరా ఉండల వాసన గుప్పుమంటోంది. పర్లేదా?

పశువైద్యం_09 | డిసెంబర్ 14, ఉదయం 8:52

వద్దు. నాఫ్తలీన్ పిల్లికి విషం. ఒంటికి పట్టిన దాన్ని నాకినా చేటే. ఉతికి రెండు మూడు రోజులు ఎండలో వేసి, వాసన పూర్తిగా పోయాక వాడండి. ట్రంకు సర్దేటప్పుడు ఉండ ఏదైనా కింద దొర్లిందేమో చూడండి, పిల్లి దాన్ని బంతిలా ఆడుకుంటుంది.

ఇదే సందర్భంలో ఇంకొన్ని. జలుబు చేసిన పసిపిల్లలకి కొబ్బరినూనెలో కర్పూరం కాచి రాస్తాం, సాంబ్రాణి వేస్తాం, నీలగిరి తైలం ఆవిరి పడతాం. పిల్లికి ఇవేవీ వద్దు. పూసిందంతా నాకేస్తుంది, దాని కాలేయం మనలాగా వాటిని విరగ్గొట్టలేదు. ముక్కు కారుతుంటే స్నానాల గదిలో వేడినీళ్ళు వదిలి ఆ ఆవిర్లో పది నిమిషాలు కూర్చోబెట్టండి, ఒట్టి నీళ్ళే.

అన్నిటికన్నా ముఖ్యం: ఒళ్ళు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వేయకండి. "చిన్న ముక్కే వేశాం డాక్టర్" అంటారు. ఒక్క మాత్ర పెద్ద పిల్లి ప్రాణం తీయగలదు. చిగుళ్ళు మట్టిరంగుకి తిరుగుతాయి, మొహం వాస్తుంది. ఏటా చలికాలం నేను చూసే పిల్లి చావుల్లో చలి వల్ల వచ్చినవి తక్కువ, ఇలా ప్రేమతో చేసినవి ఎక్కువ.

కొత్తసభ్యుడు_77 | డిసెంబర్ 14, మధ్యాహ్నం 12:10

మరి మా తాత రెండు చుక్కల బ్రాందీ పట్టేవాడు కుక్కపిల్లలకి. వేడి చేస్తుందని.

పశువైద్యం_09 | డిసెంబర్ 14, మధ్యాహ్నం 12:30

చర్మం దగ్గర రక్తనాళాలు తెరుచుకుని వేడిగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. తాతగారికి చెప్పండి, సీసా ఆయనకే మిగిలిందని.

అమ్ములు_విజయనగరం | డిసెంబర్ 22, రాత్రి 11:47

అర్జెంట్. ఎవరైనా ఉన్నారా? పెరటి గోడ పక్కన రెండు పిల్లికూనలు. కళ్ళు ఇంకా తెరవలేదు. తల్లి సాయంత్రం నుంచి లేదు. ఒకటి కదులుతోంది. రెండోది రాయిలా చల్లగా ఉంది, నోరు తెరుస్తోంది కానీ అరుపు రావట్లేదు. పాలు గోరువెచ్చగా చేశాను, పట్టించనా?

పశువైద్యం_09 | డిసెంబర్ 22, రాత్రి 11:51

పాలు పక్కన పెట్టండమ్మా. ఒక్క చుక్క కూడా వద్దు. చల్లబడిన కూనకి పేగులు పనిచేయవు, పాలు లోపలే పాడవుతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వేడి, తర్వాతే పాలు.

తడిగా ఉంటే మెత్తటి గుడ్డతో తుడవండి. మీ జాకెట్ లోపల, చర్మానికి ఆనించి రెండిటినీ పెట్టుకోండి. హెయిర్ డ్రయర్ వద్దు, వేడినీళ్ళలో ముంచొద్దు. నెమ్మదిగా, గంట, రెండు గంటలు పట్టినా సరే. అరగంటకోసారి పక్క మార్చండి.

అమ్ములు_విజయనగరం | డిసెంబర్ 23, రాత్రి 12:44

లోపల పెట్టుకుని కూర్చున్నా. పెద్దది కీచుమంటోంది, నా చొక్కా చప్పరిస్తోంది. చిన్నది అలాగే ఉంది. ఊపిరి మధ్యలో ఆగి ఆగి వస్తోంది.

మియావ్_మావయ్య | డిసెంబర్ 23, రాత్రి 12:50

మేలుకునే ఉన్నామమ్మా. రాస్తూ ఉండండి.

పశువైద్యం_09 | డిసెంబర్ 23, రాత్రి 12:58

పెద్దదాని నోట్లో వేలు పెట్టి చూడండి. లోపల వెచ్చగా ఉండి, వేలు గట్టిగా చప్పరిస్తే పట్టొచ్చు. పిల్లికూనల పాలపొడి ఇప్పుడు దొరకదు కాబట్టి ఈ ఒక్క రాత్రికి మేకపాలు ఉంటే మేకపాలు. ఆవుపాలకి విరేచనాలు పట్టుకునే అవకాశం ఎక్కువ. బోర్లా పడుకోబెట్టి పట్టండి, పసిబిడ్డలా వెల్లకిలా కాదు. సూది లేని సిరంజితో చుక్క చుక్క. తర్వాత గోరువెచ్చని తడి దూదితో వెనక భాగం మెల్లగా రుద్దండి. ఈ వయసులో తల్లి నాకితేనే మూత్రం వస్తుంది వాటికి.

చిన్నదానికి ఏమీ పట్టొద్దు. వేడి మాత్రమే.

అమ్ములు_విజయనగరం | డిసెంబర్ 23, ఉదయం 5:32

చిన్నది నాలుగున్నరకి పోయింది. జాకెట్‌లోనే. నేను నిద్రపోలేదు, నిద్రపోయి ఉంటే బాగుండేదేమో.

పెద్దది రెండుసార్లు పాలు తాగి పడుకుంది.

డాలస్_పద్మ | డిసెంబర్ 23, ఉదయం 5:40

అమ్ములూ, వెచ్చగా పోయింది తల్లీ. గోడ పక్కన కాదు.

పశువైద్యం_09 | డిసెంబర్ 23, ఉదయం 7:05

మొదటి వారంలో వాటికి వణకడం కూడా రాదమ్మా, తల్లి ఒంటి వేడే ఆధారం. మీకు దొరికేసరికే బాగా ఆలస్యమైంది. పెద్దదాన్ని ఈ రోజు డాక్టరుకి చూపించండి. పెట్టెలో ఒక మూల 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచండి, రెండు మూడు గంటలకోసారి పాలు.

మిగతావాళ్ళకి ఒక మాట. కూనలు వెచ్చగా, పొట్టలు నిండుగా ఉంటే ఎత్తుకు రావద్దు. తల్లి తిండికి పోయి ఉంటుంది, దూరం నుంచి చూడండి. అమ్ములు చూసినట్టు చల్లబడి ఉంటేనే వెంటనే చెయ్యి వేయాలి.

పెద్దపల్లి_తాత | డిసెంబర్ 23, ఉదయం 7:30

బయట పిల్లులకి ఏం చేయాలె డాక్టరుగారూ? మా గల్లీల మూడున్నాయి. లోపలికి రమ్మంటే రావు.

బూడిదపిల్లి | డిసెంబర్ 23, ఉదయం 9:15

తాతగారూ, ఇది నాకు బాగా తెలిసిన పని. చేపల మార్కెట్లో ఐసు వేసే థర్మాకోల్ డబ్బాలు పాతవి ఇచ్చేస్తారు. కడిగి ఎండబెట్టండి. డబ్బా పక్క గోడకి, అడుగుభాగం నుంచి కాస్త పైన, గుండ్రంగా ఆరంగుళాల కన్నం. అంతకన్నా పెద్దది చేస్తే కుక్క తల పెడుతుంది. మూత టేపుతో బిగించి, పైన బరువు పెట్టండి. నాలుగు ఇటుకల మీద, గాలి రాని వైపు కన్నం తిప్పి పెట్టండి. మార్కెట్ వాసన కొంచెం మిగిలితే మరీ మంచిది, ఆహ్వానం అక్కర్లేదు.

లోపల మాత్రం దుప్పటి వద్దు, వరిగడ్డి వేయండి. బయట మంచుకి దుప్పటి తేమ పీల్చి తడిగుడ్డలా అవుతుంది. గడ్డిలో పిల్లి గూడు చేసుకుంటుంది, తేమ నిలవదు. మీ పెద్దపల్లిలో గడ్డికి కరువేముంది.

పెద్దపల్లి_తాత | డిసెంబర్ 23, ఉదయం 9:40

గడ్డి ఉంది. చేపల డబ్బాకి మనవణ్ణి పంపిస్తా.

భీమవరం_బుల్లోడు | జనవరి 10, రాత్రి 8:20

పండగ దగ్గరికొచ్చింది, ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు. భోగి మంటకి వారం ముందు నుంచే వీధిలో దుంగలూ, పాత తలుపులూ, తాటాకులూ పోగేస్తాం కదా. ఆ పోగు లోపల గాలి తగలదు. పిల్లికి అంతకన్నా మంచి గది ఏముంటుంది? రెండేళ్ళ కిందట మా వీధిలో తెల్లారి నాలుగింటికి కిరసనాయిలు పోసి అంటించబోతుంటే మా చెల్లి "ఆగండి, లోపల ఏదో ఉంది" అంది. అందరూ విసుక్కున్నారు. దుంగలు లాగి చూస్తే పిల్లి, కింద మూడు కూనలు.

అప్పట్నుంచి మా వీధి రూలు: పోగు ఒక చోట ఉంటుంది, మంట ఇంకో చోట వేస్తాం. ముందురాత్రి కట్టెలన్నీ ఒక్కొక్కటే మోసుకొచ్చి పేరుస్తాం. పిల్లలకి అదో ఆట.

మన్యం_మాస్టారు | జనవరి 11, ఉదయం 5:45

చాలా మంచి రూలు బాబూ. మా బడి పిల్లలకి ఈ రోజే చెప్తాను.

కూకట్‌పల్లి_కుర్రాడు | జనవరి 11, ఉదయం 10:05

పండగ తర్వాత మేడ మీద మాంజా ముక్కలు ఏరేయండి. నైలాన్ మాంజాని 2017లో దేశమంతా నిషేధించినా ఇంకా ఎక్కడో అక్కడ తేలుతూనే ఉంది. మా మూడుకాళ్ళది దారం కనపడితే మింగేస్తుంది.

పశువైద్యం_09 | జనవరి 11, ఉదయం 10:40

మింగిన దారం కొస నోట్లోంచో వెనకనుంచో వేలాడుతుంటే లాగొద్దు. పేగులు కోసుకుపోతాయి. అలాగే తీసుకురండి.

అమ్ములు_విజయనగరం | జనవరి 16, రాత్రి 7:30

మా కూన కళ్ళు తెరిచి చాలా రోజులైంది. నీలంగా ఉన్నాయి. పేరు పెట్టాం, భోగి అని. మగది. ఇప్పుడు నా చెప్పుల మీద దండయాత్ర చేస్తోంది.

పెద్దపల్లి_తాత | జనవరి 17, ఉదయం 6:10

డబ్బా పెట్టి మూడు వారాలాయె. ఒకటే వస్తోంది, నల్లది. మిగతా రెండూ పాత స్కూటర్ సీటు మీదనే. నేను పొద్దున పోయి కన్నంలోకి తొంగి చూస్తే కోపంగా చూస్తది. రోజూ చూస్తున్నా, రోజూ కోపమే.

గోదారి_అమ్మాయి | జనవరి 18, రాత్రి 9:50

తాతగారూ, ఆ చూపు మా జున్నుదీ అదే.

దీని పెట్టెలో బియ్యం మూట నేను పడుకునేముందు పెడతాను. పొద్దున లేచేసరికి ఎప్పుడూ వెచ్చగానే ఉంటోంది. ఇంతసేపు ఎలా నిలుస్తోందా అనుకున్నాను. నిన్న రాత్రి మూడింటికి మంచినీళ్ళకి లేస్తే వంటింట్లో లైటు వెలుగుతోంది. అత్తయ్యగారు శాలువా కప్పుకుని మైక్రోవేవ్ ముందు నిలబడి ఉన్నారు, చేతిలో సాక్సు. "నాకెలాగూ నిద్ర పట్టదులే" అన్నారు.

ఆవిడ అడగమన్న ప్రశ్న ఒకటుంది. కిందింటి మెట్ల కింద గోధుమరంగు పిల్లి ఒకటి కడుపుతో ఉంది. ఆదిలాబాద్‌లో థర్మాకోల్ డబ్బా ఎక్కడ దొరుకుతుంది? పెద్ద సైజుది కావాలిట.